బీజమునకును సంస్కారము వలయును



వీరశైవ గృహములందు ఇల్లాలు గర్భవతియైనప్పుడు ఎనిమిదవ మాసమున గురువును ఆహ్వానించి, గర్భస్థ శిశువునకు లింగసంస్కారము జరిపించు ఆచారము గలదు. శిశువు ఇంకను కన్ను తెరవలేదు, పేరు లేదు, ఆడో మగో తెలియదు. అయినను గురుకరుణ ఆ శిశువును ముందుగనే చేరుచున్నది. మానవుని సంస్కారము జన్మదినమున మొదలగునది కాదనియు, గర్భమునందే మొదలగుననియు ఈ ఆచారము చాటుచున్నది.

ఎనిమిదవ మాసమునకు పూర్వము మాట యేమి? గర్భమే నిలువకమునుపటి మాట యేమి? ఆ సంస్కారదినమున పెద్ద ముత్తైదువలు గర్భిణిని చుట్టుముట్టి, ఇది తినవలదు, అది త్రాగవలదు, సంధ్యవేళ బయటకు పోవలదు, బరువు లెత్తవలదు అని నూరు నియమములు చెప్పుదురు. చెప్పవలసినదే. తండ్రి కాబోవువాడు మాత్రము పీటపై కూర్చుండి విభూతి ధరించి, తాంబూలము పుచ్చుకొని లేచిపోవును. అతడు గడచిన యేడాది ఏమి త్రాగెనో, ఏమి పీల్చెనో, ఏ పొడి కలిపిన కల్లుతో ప్రొద్దు గడపెనో అడుగువారుండరు. బీజ మిచ్చినవానికి నియమము లేదు, మోసినదానికి నూరు నియమములు. ఇది శరణధర్మమునకు తగిన న్యాయమేనా యని విచారింపవలసియున్నది.

పాల్కురికి సోమనాథుని బసవపురాణము నెరిగిన వారికి మాదాంబ వ్రతము తెలియును. సంతానము కోరి ఆ తల్లి బాగెవాడి నందికేశ్వరుని సేవించెను. గర్భము ధరించిన పిదప మూడేండ్లు మోసెనని పురాణము. ఈ కథను పురాణశ్రవణములందు చెప్పునప్పుడు మూడేండ్ల గర్భమును గూర్చి ఆశ్చర్యపడుదురే కాని, అంతకంటె ముఖ్యమైన విషయమును గమనింపరు. మాదాంబ శిశువు కలిగిన పిదప నియమము పట్టలేదు. శిశువు కలుగకమునుపే పట్టెను. తన దేహమును, మనస్సును ముందుగ శుద్ధిచేసికొని పిదప ఫలమును కోరెను.

ఆయుర్వేదమును ఈ విషయమున మౌనముగ లేదు. గర్భోత్పత్తికి ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగును కూడవలెనని సుశ్రుతము చెప్పెను. వ్యవసాయదారునకు ఇది వేరుగ బోధింపనక్కరలేదు. అదను తప్పినను, నేల చౌడైనను, నీరు చాలకున్నను, విత్తు పుచ్చినను పంట రాదు. ఇక చరకసంహిత శారీరస్థానమున జాతిసూత్రీయమను అధ్యాయము గలదు. సంతానము కోరు దంపతులు ఇరువురును ముందుగ స్నేహ స్వేదములు, వమన విరేచనములచే దేహశుద్ధి పొందవలెనని అందు విధించిరి. నిత్యము మద్యము సేవించు తల్లికి దప్పిక మిక్కుటముగ గలవాడు, జ్ఞాపకము తక్కువవాడు, నిలకడలేని చిత్తము గలవాడు పుట్టునని ఆ అధ్యాయమే చెప్పుచున్నది. బిడ్డ దేహమును గూర్చియే కాక బుద్ధిని, నడవడిని గూర్చి చెప్పిన మాట యిది. దాని వెంబడినే, తండ్రివలన గలుగు శుక్రదోషములను సైతము తల్లి అపచారములనుబట్టియే గ్రహింపవలెనని చరకము నిర్ణయించెను. పురాణము చెప్పువారు, వైద్యము చెప్పువారు మొదటి వాక్యమును వేయిమార్లు వల్లించిరి. రెండవదానిని చాలమంది ప్రక్కకు పెట్టిరి. తల్లిని నిందించుట సులువు గనుక కాబోలు.

పాశ్చాత్యదేశములందును ఈ జ్ఞానము ఆలస్యముగనే వచ్చెను. లండను నగరమున జిన్ అను సారాయి వెల్లువగా పారిన కాలమున, 1726లో అచ్చటి వైద్యుల కళాశాలవారు ఆ మద్యము బలహీనులగు, రోగిష్ఠులగు శిశువుల పుట్టుకకు కారణమగుచున్నదని చట్టసభకు విన్నవించిరి. అయినను గర్భిణి త్రాగిన మద్యము శిశువు ముఖకవళికలను, మెదడును, నడవడిని ఎట్లు చెరచునో వైద్యశాస్త్రము స్పష్టముగ గుర్తించుటకు 1968లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెమ్వాన్ వ్రాతయు, 1973లో అమెరికాలోని సియాటిల్ వైద్యుల వ్రాతయు రావలసివచ్చెను. అదియు తల్లిని గూర్చియే. తండ్రిని గూర్చిన విచారణ మరి నలుబది యేండ్లకుగాని బలపడలేదు.

ఆ విచారణ సారమును తెలిసికొనుటకు బీజము తయారగు విధమును కొంత ఎరుగవలెను. స్త్రీ బీజములు ఆమె తన తల్లి గర్భమున నున్నప్పుడే ఏర్పడును. పురుషబీజము అట్లు కాదు. అది యౌవనమునుండి నిత్యము తయారగుచునే యుండును. ఒక్కొక్క బీజకణము పరిపక్వమగుటకు సుమారు 74 దినములు పట్టును. అది కదలిక నేర్చి సిద్ధమగుటకు మరికొన్ని దినములు కావలెను. మొత్తము దాదాపు మూడు మాసములు. కనుక ఒక శిశువు గర్భమున పడిన దినమునుండి మూడు మాసములు వెనుకకు లెక్కించినచో, ఆ కాలమున తండ్రి తిన్నది, త్రాగినది, పీల్చినది అంతయు ఆ బీజము తయారైన వంటశాలలోనికి చేరినదే యగును.

బీజమునందు వంశలక్షణముల వ్రాత యుండును. దానినే శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఎ. అందురు. మద్యము, మాదకద్రవ్యములు సాధారణముగ ఆ వ్రాతలోని అక్షరములనే మార్చివేయునని చెప్పుట కాదు ఇచ్చటి విషయము. తాళపత్రగ్రంథమున అక్షరములు అట్లేయుండగా, ఎవరో కొన్ని పంక్తులపై పసుపు పూసి ఇవి చదువుడనియు, కొన్నిటిపై మసి పూసి ఇవి విడువుడనియు గుర్తులు పెట్టినచో చదువువాడు వేరుగ చదువును గదా! అట్లే డి.ఎన్.ఎ.పై మిథైల్ అను చిన్న రసాయన గుర్తులు అంటియుండును. దానిని చుట్టియుంచు మాంసకృత్తులపైనను గుర్తులుండును. బీజకణముతోపాటు ఆర్.ఎన్.ఎ. అను చిరు తునకలు కొన్ని ప్రయాణము చేయును. మత్తుపదార్థములు ఈ గుర్తులను మార్చగలవనియు, వానిలో కొన్ని చెరగిపోక శిశువు మెదడు ఎదుగుదల వరకు ప్రభావము చూపవచ్చుననియు నేటి పరిశోధనలు చెప్పుచున్నవి.

ఎలుకలపై జరిగిన పరీక్షలు ఈ విషయమున ముఖ్యమైనవి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున మగ ఎలుకలకు అరువది దినములు కొకైన్ అను మాదకద్రవ్యము అందుబాటున నుంచి, పిదప మత్తెరుగని ఆడ ఎలుకలతో జతకూర్చిరి. తండ్రికి పిల్లలను పెంచుటలో పాలులేదు. తండ్రినుండి పిల్లలకు దక్కినది బీజ మొక్కటే. 2013లో ప్రకటించిన ఫలితము అందరిని ఆశ్చర్యపరచెను. ఆ తండ్రులకు పుట్టిన మగపిల్లలు కొకైన్‌ను ఎక్కువగ కాక తక్కువగ కోరినవి. ఆడపిల్లలలో ఆ భేదము కనబడలేదు. ఇది విని, తండ్రి మత్తు కొడుకునకు మేలు చేసినదని ఎవడైన సంతోషించినచో తొందరపాటగును. 2017లో అదే విశ్వవిద్యాలయమువారు అట్టి తండ్రుల మగపిల్లలకు జ్ఞాపకశక్తి లోపించుచున్నదని తేల్చిరి. మెదడునందు ఒక తలుపు గట్టిగ మూసికొనగా మరియొకటి తెరచుకొనక పోయినట్లయ్యెను. న్యూయార్కునందలి వేరొక వైద్యకళాశాలలో 2014లో జరిగిన పరీక్ష మరియొక తీరున ముగిసెను. యుక్తవయస్సున గంజాయి సారమును ఇచ్చిన ఎలుకలు పెరిగి పెద్దవై, మత్తు వీడిన పిదప సంతానము కనెను. తాము గంజాయి యెరుగని ఆ పిల్లలు పెద్దవైన తరువాత హెరాయిన్‌కై మిక్కిలి శ్రమపడినవి. ఇచ్చట సంతానమునకు మక్కువ పెరిగినది. మద్యముపై జరిగిన పరీక్షలలోను ఇట్లే, తండ్రి త్రాగుడువలన మగపిల్లలకు మద్యముపై కోరిక తగ్గిన సందర్భమును 2014లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు చూపిరి.

దీనినిబట్టి ఒక సంగతి నిశ్చయముగ తెలియుచున్నది. తాగుబోతు కొడుకు తాగుబోతగును అను లోకుల మాటను శాస్త్రము బలపరచుట లేదు. తండ్రి సేవించిన మత్తు బిడ్డ మెదడుపై జాడ విడుచును. ఆ జాడ ఏ రూపమున బయటపడునో, ఆడబిడ్డపైననో మగబిడ్డపైననో, జ్ఞాపకమందో భయమందో చాపల్యమందో ముందుగ చెప్పుటకు వీలులేదు.

మనుష్యుల విషయమున పరీక్ష మరింత కష్టము. మనుష్యులను పంజరములలో పెట్టి మత్తు త్రాగించి చూడలేము, చూడరాదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు గంజాయి పీల్చు పురుషుల బీజకణములను పరీక్షించి, మిథైల్ గుర్తులు అనేక స్థానములందు మారియున్నట్లు కనుగొనిరి. వానిలో ఒకటి మెదడు ఎదుగుదలకు సంబంధించిన జీన్. ఆ మార్పు వారి బిడ్డల నడవడిని నిజముగ మార్చునా యన్నది వేరు ప్రశ్న. ఆ పరిశోధకులు దానికి తొందరపడి ఔననలేదు. ఇంగ్లండునందు బ్రిస్టల్ ప్రాంతమున వేలకొలది కుటుంబములను ఏండ్లతరబడి గమనించు అధ్యయన మొకటి గలదు. పదునొకండేండ్లు నిండకమునుపే పొగత్రాగ నేర్చిన తండ్రుల కుమారులలో కౌమారమున కొవ్వు అధికముగ నున్నదని వారు 2014లో ప్రకటించిరి. అది నడవడి కాదు, దేహస్థితి. అయినను బాలుడు చాటుగ కాల్చిన బీడీ, ఇరువదియేండ్ల పిదప పుట్టబోవు కుమారుని దేహమును తాకవచ్చుననుట ఉపాధ్యాయులును తల్లిదండ్రులును ఆలోచింపదగిన విషయము.

మత్తు త్రాగు తండ్రి బీజముతో మాత్రమే బిడ్డను తాకడు. వంశమునుండి వచ్చు స్వభావము వేరుగ నున్నది. మద్యవ్యసనమునకు లోనగు గుణములో దాదాపు సగము వంశానుగతమని పరిశీలకుల లెక్క. 1973లో డెన్మార్కునందు జరిగిన అధ్యయనమున, త్రాగుబోతులకు పుట్టి పసితనముననే దత్తు పోయి ఇతరుల ఇండ్ల పెరిగిన కుమారులలోను ఆ వ్యసనము తక్కినవారికంటె దాదాపు నాలుగురెట్లుండెను. అయినను ఆ కుమారులలో నూటికి ఎనుబదిమందికి పైగా ఆ వ్యసనమున పడలేదు. ఈ రెండవ లెక్కను చెప్పువారు అరుదు. ఇక ఇంటి వాతావరణము మూడవది. సాయంకాలమున వీధిమలుపులో తండ్రి అడుగులచప్పుడు వినగానే పలక మూసి మూల నక్కు బిడ్డకు చదువు నిలువకున్నచో, దానికి బీజమును వెదకనక్కరలేదు. మోసిన తల్లి భయముతో మోసెను, పెరిగిన బిడ్డ భయముతో పెరిగెను. ఈ మూడును ఒకే ఇంట పెనవేసికొని యుండును గనుక ఇది ఇంత, అది అంత అని తూచి చెప్పుట వైద్యులకే కష్టము.

తెలంగాణ ప్రాంతపు వీరశైవ కుటుంబములకు ఈ విషయము దూరదేశపు వార్త కాదు. తాటిచెట్లు కొన్ని, త్రాగువారు పెక్కుమంది యగుటచే, కల్లు పేరిట నీళ్లలో క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తుమందులు కలిపి అమ్ముట ఏండ్లనుండి జరుగుచున్నది. త్రాగువాడు కల్లు త్రాగుచున్నాననుకొనును. నిజమునకు వైద్యుడు వ్రాసియిచ్చిననే తప్ప అమ్మరాని నిద్రమాత్రలను మోతాదు తెలియక మ్రింగుచున్నాడు. 2015లో ఆ కల్తీని అధికారులు అరికట్టగా నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో పెక్కుమంది వణకుతో, మూర్ఛలతో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల పాలైరి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లువలన కొందరు ప్రాణములే కోల్పోయిరి. ఆంధ్రదేశమున ఈ బాధను మొదట గుర్తెరిగినవారు పండితులు కారు, స్త్రీలు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణమును ఊరినుండి వెడలగొట్టిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరు 1న సారా నిషేధమునకు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసెను. 1997లో ఆ నిషేధము సడలిపోయెను. ఆ స్త్రీలు జీన్‌లను గూర్చి చదివి యుద్యమింపలేదు. పిల్లల ముఖములు చూచి యుద్యమించిరి.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న యెదురగును. తండ్రి దోషము బిడ్డకు వచ్చునన్నచో, పుట్టుకచేత మలినులుందురని ఒప్పుకొన్నట్లు కాదా? బసవేశ్వరుడు జీవితమంతయు ఏ మాటతో పోరాడెనో ఆ మాటయే శాస్త్రము పేర వెనుకద్వారమున వచ్చుచున్నది కాదా?

ఈ సందేహము నిజమైనది. ఇప్పటికే ఊళ్లలో, ఆ పిల్లవాని తండ్రి తాగుబోతు, ఆ సంబంధము వలదని పెండ్లిచూపుల నాడే త్రోసిపుచ్చువారున్నారు. బడిలో అల్లరి చేసిన బాలుని, వాని నాయన బుద్ధి వానికి వచ్చెనని అందరియెదుట అనువారున్నారు. ఇది దోషము. లింగవంతునకు జననసూతకము లేదు, జాతిసూతకము లేదు, పంచసూతకములు లేవని శరణులు నిర్ణయించిరి. గురువు దీక్ష నిచ్చునప్పుడు శిష్యుని పూర్వాశ్రయము నశించును. ఆ పిదప అతని పూర్వాశ్రయమును తలచుట గురుద్రోహముతో సమానము. తండ్రి పాపము బిడ్డ పాపము కాదు. బిడ్డకు రాగలది పాపము కాదు, బాధ. ఈ రెంటి భేదమును మరువరాదు. తండ్రి బండి బోల్తాకొట్టించగా అందున్న బిడ్డ కాలు విరిగినచో ఆ బిడ్డను నేరస్థుడని ఎవరందురు? కట్టు కట్టుదురు, చేయిపట్టి నడిపింతురు. చదువున నిలకడలేని బిడ్డకు ఓర్పుగల గురువును, వైద్యుని సలహాను, నెమ్మదిగల ఇంటిని సమకూర్చవలెను. మెదడు పసితనమున మైనమువలె నుండుననియు, మంచి పెంపకము అనేక లోపములను సరిదిద్దుననియు వైద్యులే చెప్పుచున్నారు.

కల్యాణపట్టణమున హరళయ్య కుమారునికి మధువరసుడు తన కుమార్తె నిచ్చినప్పుడు శరణులు వంశము నడుగలేదు. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును లింగనిష్ఠ గలవారేనా యని మాత్రమే చూచిరి. ఆ వివాహమునకై వారు ప్రాణము లిచ్చిరి. కనుక నేడు వరుని తండ్రి త్రాగుబోతా యని విచారించుట శరణమార్గము కాదు. వరుడు త్రాగునా యని అడుగుట మాత్రము ఆడపిల్ల తండ్రికి హక్కు మాత్రమే కాదు, పుట్టబోవు మనుమనియెడల ధర్మము కూడ. తాత దోషమును బట్టి పిల్లవానిని త్రోయరాదు, తన దోషమును బట్టి తన్ను తాను దిద్దుకొనుమని వరునికి చెప్పవచ్చును.

ఇట్లే కోడండ్రను గూర్చియు చెప్పవలసియున్నది. బిడ్డ మందుడైనను, మొండివాడైనను, ముందుగ నిందపడునది తల్లి. గ్రహణమునాడు బయటకు వచ్చెననియు, పుట్టింట ఏదో తినెననియు, ఆమె వంశమున ఎవరికో పిచ్చి యున్నదనియు అత్తవారు లెక్కలు తీయుదురు. అదే ఇంట మామగారు పగలును, కుమారుడు రాత్రియు సీసా దించనివారైనను వారిని అనువారుండరు. ఆ ఇంటికి భిక్షకు వచ్చు జంగముడు ఈ మాటను స్పష్టముగ చెప్పవలసినవాడు. జంగముడన చరమూర్తి. ఇంటింటికి నడచువాడు. ఇంటిలోని కన్నీరును చూడగలవాడు అతడే.

వీరశైవమున మత్తును నిషేధించుటకు వేరుగ శాసనము అవసరము లేదు. ప్రసాదిస్థలము నెరిగినచో చాలును. శరణుడు ఏ పదార్థమునైనను ఇష్టలింగమున కర్పింపక స్వీకరింపడు. కరతలమున లింగమునుంచి, నీటిని అర్పించి త్రాగును, అన్నమును అర్పించి భుజించును. అర్పితమైనదే ప్రసాదము, అనర్పితము త్యాజ్యము. ఇక కల్తీకల్లు సీసాను, గంజాయి చిలుమును, గుట్కా పొట్లమును ఇష్టలింగము ముందుంచి అర్పించుటకు ఎవనికైన చేయి వచ్చునా? రానిచో అది అతని గొంతు దిగదగినది కాదు. సీసా ముట్టునప్పుడు లింగమును తీసి గూటిలో పెట్టువారు కొందరున్నారని వినికిడి. వారు లింగమును మోసపుచ్చుట లేదు, తమ బిడ్డలను మోసపుచ్చుచున్నారు. లింగము గూటిలో నున్నను దేహము దేవాలయమే. ఆ దేవాలయముననే బీజము తయారగుచున్నది.

అయినను త్రాగుబోతును కసరి గెంటుట శరణుల పద్ధతి కాదు. కల్యాణ శరణులలో హెండద మారయ్య అనువాడు గలడు. కన్నడమున హెండమన కల్లు. కల్లమ్ముటయే అతని వృత్తి. అనుభవమంటపము అతనిని వెలివేయలేదు. అతడు తన వృత్తిలోని మాటలనే పట్టుకొని, భక్తియను మత్తును గూర్చి వచనములు చెప్పి శరణుల పంక్తిలో కూర్చుండెను. అట్టివానికే చోటున్న సమాజమున, వ్యసనమున చిక్కి బయటపడగోరు యువకునికి చోటు లేకుండునా?

ఇచ్చట మఠములకును కుటుంబములకును ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఇది ప్రాణముతో కూడిన విషయము. ఏండ్లతరబడి అధికముగ మద్యమునకు గాని, మత్తుమందు కలిపిన కల్లునకు గాని అలవాటుపడినవాడు జాతరలోనో, మఠమునందో ప్రమాణము చేసి ఒక్క దినమున మానినచో దేహము తట్టుకొనకపోవచ్చును. రెండుమూడు దినములకు చేతులు వణకును, నిద్రపట్టదు, లేనివి కనిపించును, మూర్ఛ వచ్చును. ఇంటివారు దానిని గాలియనియు, దేవుని కోపమనియు తలచి తాయెత్తు కట్టింతురు. అది గాలి కాదు, దేవుని కోపము కాదు. చికిత్స అందనిచో ప్రాణాపాయము కలుగవచ్చును. కావున ప్రమాణమునకు ముందు వైద్యుని చూపవలెను. ప్రభుత్వ ఆసుపత్రుల మానసికవైద్య విభాగములందు ఈ చికిత్స గలదు. మత్తు మానిపించుటకు సలహా యిచ్చు జాతీయ సహాయ కేంద్రమునకు 14446 సంఖ్యతో ఉచితముగ ఫోను చేయవచ్చును. గురువు విభూతి పెట్టి ధైర్యము చెప్పును, వైద్యుడు మందిచ్చును. ఒకటి రెండవదానికి అడ్డు కాదు. అట్లే మూర్ఛరోగమునకో, మనోవ్యాధికో వైద్యుడు వ్రాసియిచ్చిన మందులను ఈ వ్యాసము చదివి ఎవరును తమంతట మానరాదు. సంతానము కోరునప్పుడు ఆ వైద్యునే అడిగి మార్చుకొనవలెను.

మానినవానికి ఫలమేమి? చెరచిన గుర్తులు శాశ్వతమా? డ్యూక్ విశ్వవిద్యాలయమువారు గంజాయి పీల్చు పురుషులను 77 దినములు దానికి దూరముగ నుంచి, బీజకణములను మరల పరీక్షించిరి. మునుపు కనిపించిన మార్పులు చాలవరకు తగ్గెనని 2021లో ప్రకటించిరి. పాత బీజములు పోయి క్రొత్తవి తయారగుటకు పట్టు కాలమే అది. ఒక చిన్న గుంపుపై జరిగిన పరీక్షయే యైనను ఆశ గొలుపు వార్త. పూర్వాశ్రయము నశించునను గురువాక్యమునకు దేహమునందే ఒక దృష్టాంతము దొరకినట్లున్నది.

వీరశైవ కుటుంబములందు నిశ్చితార్థమునకును వివాహమునకును నడుమ సాధారణముగ రెండుమూడు మాసముల వ్యవధి యుండును. ఆ కాలమున వధువునకు పసుపు, చీరలు, నగలు సిద్ధమగును. వరునకు బట్టలు కుట్టింతురు. ఆ మూడు మాసములే బీజమునకును వ్యవధి. నిశ్చితార్థమునాడు గురువు సన్నిధిని వరునిచేత ఇష్టలింగమును కరతలమున పట్టించి, ఆ దినము మొదలు మద్యము, పొగాకు, గంజాయి, కల్తీకల్లు ముట్టనని పలికించుట ఏ మఠమునకును కష్టము కాదు. ఇదివరకే వివాహితులై సంతానము కోరువారికి మహాశివరాత్రినాడో, బసవజయంతినాడో అట్లే చేయింపవచ్చును. ఎనిమిదవ మాసమున గర్భలింగసంస్కారమునకు వచ్చు గురువు, పీటపై కూర్చున్న తండ్రిని కూడ అందరియెదుట కాక ప్రక్కకు పిలిచి, మాట నిలుపుకొంటివా నాయనా యని మెల్లగ నడుగవచ్చును.